వెండి మట్టితో సముద్రపు నగలు: రాయపూర్ చేతివృత్తిదారులకు కొన్ని సూచనలు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు సముద్రతీరము లేదు. అయినను సముద్రము ఈ నేలకు క్రొత్త కాదు. బస్తరు మాడియా గిరిజనుల కొమ్ముల కిరీటమునకు వ్రేలాడు గవ్వల జాలరు మీరు చూచియే ఉందురు. రాయపూర్ నుండి విజయనగరము మీదుగా విశాఖకు రైలుమార్గమున్నది. మన తెలుగువారికి అది పుట్టింటి దారి. ఈ గవ్వ, శంఖము, చేప రూపములను వెండిలో తీర్చుటకు అనువైన ఒక పదార్థమును గూర్చి తెలిసికొందము.

వెండి మట్టి అనగానేమి?

ఇది భూమిలో దొరకు మట్టి కాదు. అతి సన్నని వెండిపొడికి జిగురును, నీటిని కలిపి చేసిన ముద్ద. 1990 ప్రాంతమున జపానులో రూపొందినది. కాల్చినపుడు జిగురు కాలిపోయి, వెండి రేణువులు ఒకదానితోనొకటి అతుకుకొని గట్టి లోహమగును. బస్తరు డోక్రా పనివారు మట్టిపై మైనపు తీగలు చుట్టి, మైనము కరగించి, ఆ ఖాళీలో కంచు లేక ఇత్తడి పోయుదురు. ఇచ్చట పోతపోయుట లేదు, ముద్దయే లోహమగును.

పని జరుగు తీరు

చేతులకు కొద్దిగా నూనె రాచుకొని, ముద్దను గవ్వ నుండి తీసిన అచ్చులో అదుమవలెను. కొన్ని జాతుల శంఖములకు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కలదు గనుక వానిని వాడరాదు. అల్యూమినియము పనిముట్లు ఈ మట్టికి తగులనీయకుడు. ముక్క పూర్తిగా ఆరవలెను. తడి మిగిలినచో ఆవిరి పుట్టి పగులును. ఆరినపిదప ఉప్పుకాగితముతో నునుపు చేయుడు. రాలిన పొడిని పారవేయక నీటితో కలిపి మరల వాడుకొనవచ్చును.

కాల్చు వేడిమి ఆయా రకమును బట్టి మారును. పొట్లముపై ముద్రించిన సూచననే పాటించుడు. చిన్న ముక్కలను గ్యాసు బర్నరు మంటతోనే కాల్చవచ్చును గనుక మొదటనే విద్యుత్ బట్టీ కొనుటకు అప్పు చేయనక్కరలేదు. కాల్చినపుడు వస్తువు కుదించుకొనును. కుదింపు 10 శాతమైనచో, 30 మిల్లీమీటర్ల గవ్వ కావలెనన్న అచ్చు 33 మిల్లీమీటర్లకు పైగా ఉండవలెను. ఉంగరముల విషయమున ఈ లెక్క తప్పరాదు. పొయ్యి నుండి తీసిన వస్తువు తెల్లగా, కాంతిహీనముగా ఉండును. తీగె బ్రష్షుతో రుద్దిననే మెరుపు వచ్చును. మేలిమి వెండి మెత్తనిది గనుక పలుచని కడియములకన్న పతకములు, జూకాలు దీనికి తగును.

లాభనష్టముల విచారణ

అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. వెండి మట్టి ధర అదే తూకపు వెండి ధరకన్న చాల ఎక్కువ. పైగా 2025లో వెండి ధర మునుపెన్నడు లేనంత పెరిగినది. సదర్ బజారులో సూత, ఐంఠీ, పైజన్ వంటి సంప్రదాయ నగలను తూకము, మచ్చు చూచి బేరమాడుదురు. ఆ తూకపు లెక్కన అమ్మినచో మీ కూలి మాట అటుంచి, మట్టికి పెట్టిన సొమ్ము కూడ రాదు. కావున పనితనమునకు వెలకట్టు హస్తకళల మేళాలు, ముందస్తు ఆర్డర్లు మీ సంత కావలెను. ఆర్డరుకు బయానా తీసికొని, దానితోనే మట్టి కొనుట క్షేమము. డీలర్లు కూడ పనితనపు వెలను బిల్లులో వేరుగా చూపినచో కొనువారికి అనుమానముండదు. వెండికి హాల్‌మార్కు నేటికి తప్పనిసరి కాదు. కాని 2025 సెప్టెంబరు 1 నుండి ఆరు అక్షరాంకముల గుర్తింపు సంఖ్యతో లభించుచున్నది. క్రొత్త వస్తువుపై నమ్మకము కలిగించుటకు అది ఉపకరించును.

ఋణ సదుపాయము

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములో స్వర్ణకార వృత్తి చేరియున్నది. శిక్షణ పొందినవారికి హామీ లేకుండ తొలివిడతగా లక్ష రూపాయల వరకు, 18 నెలల గడువుతో, 5 శాతము వడ్డీకి ఋణము లభించును. అది సక్రమముగా తీర్చినవారు రెండవ విడతగా 2 లక్షల వరకు, 30 నెలల గడువుతో పొందవచ్చును. పనిముట్లకు 15,000 రూపాయల ప్రోత్సాహకము వేరుగా కలదు.

అయితే మంజూరైన సొమ్మంతయు ఒకేసారి మట్టి పొట్లములపై వెచ్చింపకుడు. మొదట పది నమూనాలు చేసి, మట్టి, గ్యాసు, కూలి, పాడైన ముక్కలు అన్నియు లెక్కవేసి వెల నిర్ణయింపుడు. అమ్మకము కుదిరిన పిదపనే తరువాతి పొట్లము తెప్పింపుడు. నెలసరి వాయిదా అమ్మిన నగ నుండి రావలెను గాని, అమ్ముడుపోని నగను తాకట్టు పెట్టి కాదు.