రాతినేలపై బరువైన స్లాషర్ అమరిక: వదులు, బిగువుల వివేచన

వ్యాససంగ్రహం

బీడుపడిన రాతినేలల్లో గడ్డినీ పొదలనూ నరికే బరువైన ట్రాక్టర్ స్లాషర్‌ను పనికి ముందు ఎలా అమర్చుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. నాగలికి రాయి తగిలినప్పుడు మేడిని పైకెత్తే చేయి ఒకటి ఉండేది. స్లాషర్‌కు ఆ చేయి లేదు. ఆ చేయి చేసిన పనిని యంత్రంలో ముందుగా ఉంచిన వదులే చేయాలన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన. ఈ సూచనలను డ్రైవరుకు చేర్చగల తెలుగు మాటల గురించి కూడా సందర్భానుసారంగా చర్చించడం జరిగింది.

కీలకపదాలు: స్లాషర్, పీటీఓ, టాప్ లింక్, తెగే బోల్టు, రాతినేల, వృత్తిపదాలు, వ్యవసాయ పరిభాష.

1. ప్రవేశిక

రాయలసీమ ఎర్రనేలల్లోనూ తెలంగాణ చెలకల్లోనూ నాలుగేళ్ళు సేద్యం లేని భూమి ఎలా ఉంటుందో పల్లె ఎరిగిన పాఠకులకు తెలుసు. వయ్యారిభామ, తంగేడు, సర్కారుతుమ్మ నడుమెత్తు పెరుగుతాయి. వాటి అడుగున పలుగురాళ్ళు, గుండ్లు కనబడకుండా దాగి ఉంటాయి. అటువంటి నేలను శుభ్రం చేయడానికి ట్రాక్టరు వెనుక తగిలించే కోత యంత్రమే స్లాషర్. మందపాటి ఇనుప రేకు పందిరి, దానిపై ఒక గేర్ బాక్స్, పందిరి కింద గిరగిర తిరిగే రెండు బరువైన బ్లేడ్లు, వెనుక ఒక చిన్న చక్రం. స్థూలంగా ఇంతే.

తెలుగు పరిశోధకులకు ఈ యంత్రంతో ఏమి పని అన్న ప్రశ్న సహజమే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. అది ఎద్దుల సేద్యపు భాషకు పెన్నిధి. ఆ తరువాత సేద్యంలోకి ట్రాక్టరు వచ్చింది. దాని వెంట కొత్త పనిముట్లు, కొత్త ప్రమాదాలు, వాటిని గురించిన ఇంగ్లీషు పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాన్ని కొన్న యజమాని చదవడు, నడిపే డ్రైవరు చదవలేడు. కనుక ఈ వ్యాసంలో యంత్రాన్ని వివరించడమే మొదటి పని. మాటల చర్చ దాని వెంటే నడుస్తుంది.

2. వడిసెల న్యాయం

స్లాషర్ బ్లేడ్లు ఫ్యాను రెక్కల వలె బిగించినవి కావు. ఒక్కొక్క బ్లేడు ఒక లావుపాటి బోల్టు మీద వదులుగా వేలాడుతూ ఉంటుంది. యంత్రం ఆగి ఉన్నప్పుడు దాన్ని చేతితో వెనక్కు తోస్తే తిరుగుతుంది. తిరగడం మొదలైన తరువాత అపకేంద్ర బలం దాన్ని బయటకు లాగి నిటారుగా నిలుపుతుంది. పిట్టలను తోలే వడిసెల తాడు గిరగిర తిప్పినప్పుడు బిగుసుకోవడం ఇటువంటిదే. రాయి అడ్డుపడితే బ్లేడు వెనక్కు మడిచుకుని, దాటిపోయిన తరువాత మళ్ళీ విచ్చుకుంటుంది. బ్లేడ్ల నడుమ బోర్లించిన మూకుడు వంటి గుండ్రని పళ్ళెం ఒకటి ఉంటుంది. మొద్దు గానీ గుండు గానీ గేర్ బాక్స్ కడ్డీకి నేరుగా తగలకుండా ఆ పళ్ళెం వాటిమీదుగా జారిపోతుంది.

వేగాన్ని లెక్కగట్టి చూడవచ్చు. ట్రాక్టరు పీటీఓ ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. గేర్ బాక్స్ దాన్ని సుమారు 1000 చుట్లకు పెంచిందనుకుందాం. కోత వెడల్పు 1.5 మీటర్లయితే బ్లేడు కొన సెకనుకు దాదాపు 78 మీటర్లు, అంటే గంటకు 280 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఆ వేగంతో తగిలిన గులకరాయి వడిసెల రాయి కన్నా ప్రమాదకరం. తయారీదారుల పుస్తకాలు మనుషులను 90 మీటర్ల దూరంలో ఉంచమని హెచ్చరించడం అతిశయోక్తి కాదు. పందిరికి ముందూ వెనుకా వేలాడే గొలుసుల తెర ఈ రాళ్ళను ఆపడానికే ఉన్నది. గడ్డి చిక్కుకుంటోందని దాన్ని విప్పి పక్కన పడేసినవారిని ఈ వ్యాసకర్త స్వయంగా చూశాడు. రాతినేలలో ఆ తెర లేకుండా యంత్రాన్ని కదిలించనేకూడదు.

బ్లేడు అంచు గురించి ఒక మాట. కొడవలి వలె పదును పెట్టడం ఇక్కడ తప్పు. పలుచని అంచు మొదటి రాయికే విరుగుతుంది, లేదా పళ్ళు పళ్ళుగా ఊడుతుంది. దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు మొద్దుతనం ఉంచి సానపట్టాలి. రెండు బ్లేడ్ల బరువు సమానంగా ఉండాలి కనుక ఒకటి అరిగినా జతగానే మార్చాలి.

3. కల్టివేటర్ అలవాటు, టాప్ లింక్ వదులు

హ్యారీ ఫెర్గుసన్ 1926లో పేటెంటు పొందిన మూడు బిందువుల అమరిక నేటికీ ట్రాక్టరు వెనుక భాగానికి ఆధారం. కింద రెండు లింకులు, పైన ఒక టాప్ లింక్. నాగలి రాయికి తగిలి ఆగిపోతే ట్రాక్టరు ముందు భాగం పైకి లేచి వెనక్కు బోర్లాపడే ప్రమాదం తొలినాళ్ళ ట్రాక్టర్లకు ఉండేది. ఫెర్గుసన్ అమరికలో పనిముట్టు మీద పడిన ఒత్తిడి టాప్ లింక్ ద్వారా ట్రాక్టరును ముందుకు నొక్కి, ముందు చక్రాలను నేలకు అదిమి ఉంచుతుంది. అంటే నాగలి, కల్టివేటర్ వంటి పనిముట్లకు టాప్ లింక్ బిగువుగా ఉండటం అవసరం.

మన డ్రైవర్ల చేతివాటం ఈ పనిముట్లతోనే ఏర్పడింది. స్లాషర్‌ను తగిలించినప్పుడు కూడా అదే అలవాటుతో టాప్ లింక్‌ను బిగదీస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. స్లాషర్ నేలను చీల్చేది కాదు, నేలమీద తేలుతూ సాగవలసినది. దాని ముందు భాగాన్ని కింది లింకులు, వెనుక భాగాన్ని తోకచక్రం మోయాలి. టాప్ లింక్ మోయవలసిన బరువు కోత సమయంలో ఏమీ లేదు. అందుకే మంచి స్లాషర్లలో టాప్ లింక్ తగిలించే చోట ముందుకూ వెనక్కూ ఊగే చిన్న ముక్క ఒకటి అమర్చి ఉంటుంది. కోత ఎత్తులో ఉన్నప్పుడు ఆ ముక్క ఇరువైపులా ఊగగలగాలి. అప్పుడే తోకచక్రం గుండు ఎక్కినా గుంటలో దిగినా ట్రాక్టరుతో సంబంధం లేకుండా తన దారిన తాను పోతుంది. బిగదీసి ఉంటే ట్రాక్టరు ముందు చక్రాలు దిబ్బ ఎక్కగానే బరువంతా తోకచక్రం మీద పడి దాని చట్రం వంగుతుంది. ముందు చక్రాలు పల్లంలోకి దిగితే తోక గాలిలోకి లేచి, బ్లేడ్ల ముందు కొనలు నేలను తవ్వుతాయి. తవ్విన చోట రాయి ఉండనే ఉంటుంది.

వదులు ఎంత అన్నదానికి ఒక హద్దు ఉన్నది. మరీ వదిలితే హైడ్రాలిక్ ఎత్తినప్పుడు ముందు భాగం లేస్తుంది గాని తోకచక్రం నేలను విడవదు, గట్టు దాటలేము. పూర్తిగా ఎత్తి తోక నేల విడుస్తోందో లేదో చూసి, తిరిగి దించి ముక్క ఊగుతోందో లేదో చూసి, ఈ రెండూ కుదిరే పొడవు దగ్గర లాక్ నట్టు బిగించాలి.

ఎత్తు సర్దడానికి చదునైన చోటు కావాలి. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, పందిరి కింద దుంగలు పెట్టిన తరువాతే చేయి లోపల పెట్టాలి. హైడ్రాలిక్‌ను నమ్మి పందిరి కింద దూరరాదు. మొదట కుడి ఎడమలు సమానం చేయాలి. తరువాత బ్లేడ్లను ట్రాక్టరు పొడవు దిశలో నిలిపి, ముందు కొనకూ వెనుక కొనకూ నేలనుండి ఎత్తు కొలవాలి. ముందు కొన 12 నుండి 25 మిల్లీమీటర్లు పల్లంగా ఉంటే కోసిన గడ్డి మళ్ళీ మళ్ళీ బ్లేడ్ల కింద నలగదు, ఇంజనుపై భారం తగ్గుతుంది. అంతకు మించి వంచితే రాళ్ళకు మొదటి దెబ్బ మనమే కొట్టినట్లవుతుంది.

ఇక కోత ఎత్తు. పచ్చికను 5 సెంటీమీటర్లకు కత్తిరించే ఊహను రాతినేలలో విడిచిపెట్టాలి. పొలంలో నాటుకుని ఉన్న సామాన్యపు రాళ్ళ తలకూ బ్లేడుకూ నడుమ కనీసం బెత్తెడు ఎడం ఉండాలన్నది నా అంచనా. అది చాలాచోట్ల 15 సెంటీమీటర్లకు పైనే తేలుతుంది. ఈ ఎత్తు వద్ద హైడ్రాలిక్ లివర్‌కు ఉన్న అడ్డును బిగిస్తే, ప్రతి మలుపు తరువాత కిందికి దించినప్పుడు యంత్రం అదే ఎత్తుకు వచ్చి నిలుస్తుంది. కింది లింకులకు కిందికి దిగడానికే అడ్డు ఉంటుంది, పైకి లేవడానికి ఉండదు. కనుక పందిరి అంచున ఉన్న ఇనుప పాదాలు రాయి ఎక్కినప్పుడు ముందు భాగం తానే లేచి దాటుతుంది. ఆ పాదాలు నిరంతరం నేలను రాసుకుంటూ పోతున్నాయంటే ఎత్తు చాలలేదని అర్థం.

4. తెగడానికే పుట్టిన బోల్టు

బ్లేడు మడతపడినా తప్పించుకోలేని రాళ్ళు ఉంటాయి. అప్పుడు దెబ్బ గేర్ బాక్స్‌కు, దాని వెనుక ట్రాక్టరుకు చేరకుండా నడుమ ఏదో ఒకటి లొంగాలి. ఇందుకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, నిర్ణీత బలానికి తెగిపోయే బోల్టు. రెండు, నిర్ణీత బలానికి జారే క్లచ్.

మా బంధువుల మామిడితోటలో జరిగిన సంగతి ఇది. ఒకే ఉదయం ఆ బోల్టు మూడుసార్లు తెగింది. నాలుగోసారి డ్రైవరు, "మాటిమాటికీ తెగే నాసిరకం బోల్టు ఎందుకు మామా, గట్టిది వేస్తా" అని వర్క్‌షాపులో దొరికిన హైటెన్సిల్ బోల్టు బిగించాడు. మా మామ సరేనన్నాడు. గంట తరువాత తగిలిన గుండుకు బోల్టు చెక్కుచెదరలేదు. గేర్ బాక్స్ పళ్ళు విరిగాయి. బాగుచేయించడానికి అయిన ఖర్చు ఆ ఏటి కాయల రాబడిలో పెద్ద భాగాన్నే మింగింది. విరిగిన పెట్టెను విప్పుతూ మెకానిక్కు అన్న మాట నాకు గుర్తుంది: "అది తెగడానికే పెట్టిన బోల్టు సార్."

ఇంగ్లీషు పుస్తకంలో దాని పేరు షియర్ బోల్ట్. దుకాణంలో అది కూడా వట్టి బోల్టే. తెగిన బోల్టు మంచిది కాదన్న డ్రైవరు తర్కంలో లోపం లేదు. ఆ వస్తువు పని ఏమిటో దాని పేరు అతనికి చెప్పలేదు. నిఘంటు పద్ధతిలో 'ఛేదన కీలకం' అని అనువదించినా ప్రయోజనం శూన్యం. 'తెగే బోల్టు' అన్న రెండు మాటలు చాలు. ఇనుము తెలుగు కాకపోయినా క్రియ తెలుగు కావాలి. ఇదే తీరున మరొక దాన్ని 'జారే క్లచ్' అనవచ్చు. పీటీఓ, టాప్ లింక్ వంటివి ఇప్పటికే నోట నానిన మాటలు. వాటిని కదిలించవలసిన అవసరం లేదు. జేసీబీ అన్నది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే మనిషి పేరులోని పొడి అక్షరాలని తెలియకుండానే తెలుగు పల్లె దాన్ని జాతివాచకం చేసుకున్నది. ప్రొక్లెయిన్ అన్న మాట వెనుక పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ ఉన్నది. వస్తువు పేరు ఎక్కడినుండి వచ్చినా ఇబ్బంది రాదు. ప్రమాదం ఉన్న చోట మాత్రం పేరు పనిని చెప్పాలి.

జారే క్లచ్‌లోని చిక్కు వేరు. వానాకాలమంతా షెడ్డులో నిలిచిన యంత్రంలో దాని పలకలు తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. చూడటానికి క్లచ్, పనికి మాత్రం ఇనుప దిమ్మె. అందుకే సీజను మొదట్లో దాన్ని జార్చి చూడాలి. స్ప్రింగుల నట్లను, ఎన్ని చుట్లో లెక్కపెట్టుకుంటూ, సమానంగా వదులు చేయాలి. పలకల అంచుల మీద అడ్డంగా సుద్దతో ఒక గీత గీయాలి. పీటీఓను రెండు మూడు సెకన్లు మాత్రమే తిప్పి ఆపాలి. గీత ముక్కలై పక్కకు జరిగితే పలకలు విడివడినట్లు. జరగకపోతే విప్పి తుప్పు గీకవలసిందే. తరువాత అన్నే చుట్లు తిరిగి బిగించి, స్ప్రింగు పొడవును పుస్తకంలోని కొలతతో సరిచూడాలి.

5. షాఫ్ట్ పొడవు, ఆగని బ్లేడ్లు

పీటీఓ షాఫ్ట్ ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాలు. రాతినేలలో యంత్రం ఎక్కువగా ఎగిరిపడుతుంది కనుక ఈ గొట్టాల రాకపోకలు కూడా ఎక్కువ. మిక్కిలి సాగిన స్థితిలో మూడో వంతు పొడవైనా లోపల ఉండాలి. మిక్కిలి ముడుచుకున్న స్థితిలో కొనకు 25 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ఖాళీ లేకపోతే షాఫ్ట్ గునపం వలె పీటీఓ బేరింగులను పొడుస్తుంది. పొడవు కోయవలసివస్తే రెండు గొట్టాలనూ, వాటిపై ఉన్న ప్లాస్టిక్ తొడుగులనూ సమానంగా కోయాలి. తొడుగు పగిలిన షాఫ్ట్ పంచె కొంగునో చీర చెరగునో పట్టి మనిషిని చుట్టేసుకుంటుంది. జారే గొట్టాలకు, క్రాసులకు కందెన పెట్టడం మరువరాదు. బండి ఇరుసుకు పెట్టిన కందెన, ఇరుసు కొనన దిగేసిన సీల అనే మాటలు ఇక్కడ గ్రీజుకూ పిన్నుకూ ఏ సవరణా లేకుండా సరిపోతాయి.

పాత ట్రాక్టర్లలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. ఎదుట రాయి కనబడి డ్రైవరు క్లచ్ తొక్కుతాడు. ఒకే క్లచ్ ఉన్న బండిలో బరువైన బ్లేడ్ల ఊపు ఆగదు. అది షాఫ్ట్ ద్వారా వెనక్కు ప్రయాణించి గేర్లను, వాటితో చక్రాలను తిప్పుతుంది. క్లచ్ తొక్కినా ట్రాక్టరు ముందుకు పోతూనే ఉంటుంది. దీనికి విరుగుడు ఓవర్‌రన్నింగ్ క్లచ్. సైకిలు ఫ్రీవీలు ఎలాగో ఇదీ అలాగే: ముందుకు తిప్పితే పట్టుకుంటుంది, ఇంజను ఆగితే బ్లేడ్లను వాటి మానాన తిరగనిస్తుంది. ఈ ముక్క తగిలిస్తే షాఫ్ట్ పొడవు మారుతుంది కనుక పైన చెప్పిన కొలతలు మళ్ళీ తీయాలి.

6. పొలంలోకి

వెనుక బరువు పెరిగితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు ఇరుసుపై నిలిచేట్లు బంపరుకు బరువు దిమ్మెలు తగిలించాలి. కోతకు ముందు పొలాన్ని నడిచి చూడటానికి ప్రత్యామ్నాయం లేదు. కదిలే రాళ్ళను ఏరి గట్టుకు వేయాలి; కదలని వాటికి సున్నం కొట్టాలి. ఇనుప తీగ రాళ్ళకన్నా చెడ్డది, దాన్ని తప్పక వెదకాలి. మొదటి విడత ఎత్తుగా కోస్తే దాగిన గుండ్లు బయటపడతాయి. రెండో విడత అవసరమైతేనే కిందికి దించాలి. పీటీఓ 540 చుట్ల దగ్గర నిలిచేలా ఇంజను వేగం ఉంచి, బండి వేగాన్ని గేరుతో తగ్గించాలి గాని ఆక్సిలరేటరుతో కాదు. వేగం పడిపోతే బ్లేడ్లకు విచ్చుకునే బలం ఉండదు.

అరగంట కోసిన తరువాత పీటీఓ తప్పించి, బ్లేడ్ల చప్పుడు పూర్తిగా ఆగేవరకు సీటు మీదే కూర్చోవాలి. ఆపైన బ్లేడు బోల్టులు, గేర్ బాక్స్ బోల్టులు మరొకసారి బిగించాలి. జారే క్లచ్ దగ్గరకు అరచేయి తీసుకుపోతే వేడి తెలుస్తుంది. చేయి నిలపలేనంత సెగ వస్తుంటే అది అదేపనిగా జారుతోందన్నమాట. అప్పుడు స్ప్రింగులు బిగించడానికి ముందు కోత ఎత్తునూ, బండి వేగాన్నీ ఒకసారి చూసుకోవాలి.