పడటం, దిగటం, మునగటం: ఇంగ్లీషు క్రియల్లో తేడాలు

పైనుంచి కిందికి వచ్చే కదలికకు ఇంగ్లీషులో క్రియలు చాలా ఉన్నాయి. ఫాల్, డ్రాప్, డిసెండ్, సింక్, ప్లంజ్, కొలాప్స్ అంటూ జాబితా సాగుతుంది. నిఘంటువు తిరగేస్తే సగానికి పైగా మాటలకు ‘పడు’, ‘దిగు’ అన్న అర్థాలే కనిపిస్తాయి. అందుకే ఏది ఎక్కడ వాడాలో తేలదు. ముందుగా చూసుకోవాల్సింది అదుపు: కిందికి వస్తున్నది ఎవరి ఆధీనంలోనైనా ఉందా, దాని మానాన అది వస్తోందా?

అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ 1979 జూలై 11న భూవాతావరణంలోకి వచ్చి ముక్కలైంది. శకలాలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. అది తమ నెత్తిన పడుతుందేమోనని తెలుగు పల్లెలు కూడా హడలిపోయిన రోజులవి. దాని గమనం ఎవరి చేతుల్లోనూ పూర్తిగా లేదు కాబట్టి అక్కడ సరిపోయే క్రియ ఫాల్. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీదికి రావడం అలాంటిది కాదు. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇంజిన్లతో వేగం తగ్గించుకుంటూ వచ్చింది. ఇస్రో ఆ దశను ‘పవర్డ్ డిసెంట్’ అంది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ ప్రయాణం కూడా డిసెంట్‌గానే మొదలైంది. చివర్లో అదుపు తప్పడంతో క్రాష్‌గా ముగిసింది.

విమానంలో వినిపించే ప్రకటనలోనూ డిసెంట్ అనే అంటారు. ‘వి ఆర్ ఫాలింగ్’ అని పైలట్ అంటే ప్రయాణికుల గుండెలు జారిపోతాయి. అయితే డిసెండ్ కాస్త గంభీరమైన మాట. ఇంట్లో మెట్లు దిగినవాణ్ణి ‘డిసెండెడ్’ అనడం, తెలుగులో ‘సోపానములు అవరోహించెను’ అన్నంత ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ‘కేమ్ డౌన్’ చాలు.

తెలుగువారు ఎక్కువగా తడబడేది ఫాల్, డ్రాప్‌ల దగ్గర. తెలుగులో దానంతట అది జరిగే పనికి ఒక రూపం, ఎవరో చేసే పనికి ఇంకో రూపం ఉన్నాయి: పడు, పడేయు, దిగు, దించు, కూలు, కూల్చు. డ్రాప్ రెంటికీ పనికొస్తుంది. ఫాల్ మాత్రం కర్మను దగ్గరికి రానివ్వదు. గ్లాసు చేజారిస్తే ‘ఐ డ్రాప్ట్ ద గ్లాస్’ అనాలి. ‘ఐ ఫెల్ ద గ్లాస్’ తప్పు. మనిషి విషయంలో ఈ రెండు మాటలు ఉద్దేశాన్ని కూడా పట్టిస్తాయి. ‘హి ఫెల్ ఫ్రమ్ ద వాల్’ అంటే గోడ మీంచి కాలు జారి పడ్డాడు; ‘హి డ్రాప్ట్ ఫ్రమ్ ద వాల్’ అంటే చాలాసార్లు తానే చేతులు వదిలి దిగాడు. ‘ఫెల్’ అనే వేరే క్రియ కూడా ఉంది, చెట్టు నరికి కూల్చడానికి. దాని భూతకాలం ‘ఫెల్డ్’. గాలికి కూలిన చెట్టు ‘ఫెల్’, గొడ్డలికి కూలిన చెట్టు ‘వజ్ ఫెల్డ్’. మన కూలు, కూల్చు లాంటి జంట ఇంగ్లీషులోనూ ఉండేదనడానికి ఇదో ఆనవాలు.

సింక్ నీటిలోకో బురదలోకో మునగటానికి. మంచుకొండను ఢీకొన్న టైటానిక్ 1912 ఏప్రిల్ 15న మునిగింది; అది ‘సాంక్’. 1915 మే 7న లూసిటేనియాను జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో ముంచింది. అది ‘వజ్ సంక్’. మొదటిదానికి రెండున్నర గంటలకు పైగా పట్టింది, రెండోదానికి సుమారు 18 నిమిషాలు. సింక్ అనే మాట వేగం గురించి ఏమీ చెప్పదన్నమాట. నీళ్లలో మునిగి మనిషి చనిపోతే సింక్ కాదు, డ్రౌన్. ఓడలకు డ్రౌన్ వాడరు.

వేగం చెప్పాలంటే ప్లంజ్, ప్లమెట్ ఉన్నాయి. రెండూ సీసానికి లాటిన్‌లో ఉన్న ‘ప్లంబమ్’ నుంచి వచ్చినవే. గోడ నిలువు చూసుకోవడానికి వేలాడదీసే గుండును ముందు ప్లమెట్ అన్నారు, తర్వాత అది క్రియ అయింది. షేర్ల వార్తల్లో ఈ రెండింటికీ గిరాకీ ఎక్కువ. కొద్దిగా తగ్గితే స్లిప్, తగ్గి మళ్లీ లేచేలా ఉంటే డిప్, దభాలున పడితే ప్లంజ్. ఎంత శాతానికి ఏ మాట అన్న కొలత లేదు. చిన్న తగ్గుదలకు ప్లంజ్ తగిలించడం శీర్షికల యావ.

నిలబడ్డ కట్టడం తన బరువు తానే మోయలేక కూలితే కొలాప్స్. స్పృహ తప్పి కుప్పకూలిన మనిషికీ అదే మాట.

ఇక అంకెల దగ్గర క్రియ పక్కన వచ్చే చిన్న మాట అర్థాన్ని మార్చేస్తుంది. లంబసింగిలో రాత్రి 12 డిగ్రీలున్న ఉష్ణోగ్రత తెల్లారేసరికి 5కు పడిపోతే ‘ఫెల్ టు ఫైవ్’ అనాలి. తగ్గింది ఎంతో చెప్పాలంటే ‘ఫెల్ బై సెవెన్’. ‘ఫెల్ సెవెన్ డిగ్రీస్’ అని రెండూ లేకుండా రాస్తే ‘బై’ ఉన్నట్టే లెక్క.