కుట్రకథలయందు మనకేల యింత మక్కువ?

గోడలకు చెవులుండునని పెద్దల మాట. ఆ మాటను రెండు గంటల కథగా నల్లినచో నదియే రాజకీయ కుట్రచిత్రము. మా యింటివారికి సెలవు రాత్రులందు పాత సినిమాలు చూచు నలవాటు కలదు. వంటయిల్లు సర్దుకొని మేమును వచ్చి కూర్చుందుము. ఈ వేసవిలో వరుసగా కొన్ని అమెరికా చిత్రములు చూచితిమి. దీపమార్పిన పిదప పెరటిలో కొబ్బరిమట్ట రాలినను గుండె ఝల్లుమనెడిది. అయినను మరుసటి వారమునకై యెదురుచూచితిమి. భయపెట్టు కథయందు మనసునకింత మక్కువ యేల? సోదరీమణులారా, మాకు తోచిన సమాధానమును మీతో ముచ్చటింపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1962లో వచ్చిన ‘మంచూరియన్ కాండిడేట్’ అను చిత్రమున, కొరియా యుద్ధములో శత్రువులకు చిక్కిన యొక సైనికుని మనస్సును వారు తమ పనిముట్టుగ మార్చి స్వదేశమునకు పంపుదురు. పేకముక్కలలో డైమను రాణి కంటబడినంతనే యతడు ఆజ్ఞకు లోబడి హత్యకైనను సిద్ధమగును. అతని నాడించు చేయి కన్నతల్లిదే యని తెలిసినపుడు మాకు నోట మాట రాలేదు. 1975 నాటి ‘త్రీ డేస్ ఆఫ్ ది కాండర్’లో, గూఢచారి శాఖకై పుస్తకములు చదువు నొక యుద్యోగి తోడివారికి భోజనము తెచ్చుటకై బయటికి పోయి వచ్చునంతలో, కార్యాలయమున నందరును హతులై యుందురు. 1974 నాటి ‘ది కాన్వర్సేషన్’ మాకు మరింత హత్తుకొన్నది. పరుల సంభాషణలను రహస్యముగ గ్రహించుటయే వృత్తిగాగల యొకడు, ఒక వాక్యమున నూనిక యే మాటపై నున్నదో పొరపడి కథనంతయు తలక్రిందుగ నర్థము చేసికొనును. తుదకు తన మాటలనే యెవరో వినుచున్నారని తన యిల్లు నేలపలకలతో సహా పెకలించుకొని, ఆ శిథిలముల నడుమ నొంటరిగ వాద్యము వాయించుకొనుచు కూర్చుండును.

ఈ భయములు ఊరక పుట్టినవి కావు. 1963 నవంబరు 22న అధ్యక్షుడు కెనెడీ హతుడయ్యెను. 1972 జూన్ 17న వాటర్‌గేట్ భవనమున, ప్రతిపక్షమువారి కార్యాలయములో చొరబడినవారు పట్టుబడిరి. ఆ తీగ లాగగా 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సను పదవి విడువవలసి వచ్చెను. కావున కుట్ర యనునది లేనే లేదనుట వివేకము గాదు.

మనవారికి నిది క్రొత్తయా? భారతమునందలి లక్కయింటి కథ కుట్రకథ గాక మరేమి? మన తెరపై శకునిగా ‘మాయాబజార్’ (1957)లో సి.యస్.ఆర్.గారు, ‘శ్రీకృష్ణపాండవీయము’ (1966)లో ధూళిపాళగారు చిరస్మరణీయులైరి. 1977లో రామారావుగారు ‘చాణక్య చంద్రగుప్త’ను నిర్మింపగా నాగేశ్వరరావుగారు చాణక్యుడైరి.

వివాహమునకు పూర్వము మా నాయనగారి యొద్ద విశాఖదత్తుని ‘ముద్రారాక్షసము’ చదువుకొంటిమి. అందు రాక్షసమంత్రి తన భార్యను, బిడ్డను మిత్రుడైన చందనదాసుని యింట దాచి పోవును. ఒకనాడు అయిదేండ్ల బాలుడు వాకిటికి రాగా, లోపలినుండి యొక స్త్రీ చేయి చాచి వానిని వెనుకకు లాగును. పురుషుని వ్రేలికి చేసినదగుటచే చేతి యుంగరము జారి చాణక్యుని చారునికి దొరకును. ఆ ముద్రతోనే కూటలేఖ పుట్టును. దానిని నమ్మి మలయకేతువు తన మిత్రరాజులనే చంపించి, తాను బంధితుడగును. రాజ్యము తారుమారగుటకు తలుపు వెనుక నొక తల్లి కంగారు చాలెను!

మన మక్కువకు మూల మిచ్చటనే యున్నదని మాకు తోచును. కుట్రకథలో నేదియు వ్యర్థము గాదు. జారిన యుంగరము, మూసిన తలుపు, ఆగిన మాట, ప్రతిదానికి నొక యర్థముండును. జీవితమున నట్లు కాదు. కష్టము కారణము చెప్పక వచ్చును. దుష్టుడైనను సరే, నడుపువాడొకడు గలడనుకొనుట, ఎవడును లేడనుకొనుటకంటె సులభము. పైగా సూచనలు చదువుట గృహిణులకు నిత్యవిద్య. అత్తగారి మౌనము, బిడ్డ కంచములో మిగిల్చిన యన్నము, భర్త చెప్పులు విడుచు చప్పుడు, వీనిని బట్టియే కదా దినము గడుపుకొందుము!

ఆ విద్యయే మమ్ము మోసగించినది. కొన్నేండ్ల క్రిందట రాజోలు ప్రాంతమున నుండగా, మా యింటివారికి హఠాత్తుగ కొత్తపేట వైపునకు బదిలీ యయ్యెను. ప్రక్కయింట తోడి యుపాధ్యాయుని భార్య యుండెడిది, అక్కయ్యగారని పిలుచుకొనెడివారము. అంతకు నెల దినములనుండి యామె మా గడప త్రొక్కుట మానెను. మేము పోయిన మాటలాగిపోయెడివి. తలుపు వెనుక నెవరో కదలినట్లుండెడిది. దంపతులు తెల్లవారుజాము బస్సుకు అమలాపురము పోయి వచ్చెడివారు. ఇంకేమి, ఈ బదిలీ వారి పన్నాగమే యని తీర్మానించుకొంటిమి. మా యింటివారు వలదన్నను వినక, చెప్పకయే యూరు విడిచితిమి.

రెండేండ్లకొక పెండ్లిలో ఆమె మా చేయి పట్టుకొనెను. అత్తవారింట బాధలు పడి తిరిగివచ్చిన కుమార్తెను లోపలి గదిలో దాచుకొని, లోకమునకు చెప్పలేక, వకీలు కొరకు తిరిగిన దినములట యవి. “నీతో చెప్పుకొని యేడ్వవలెనని యెన్నిమారులు నీ గడపదాక వచ్చి మరలితినో, అమ్మాయీ!” యనెను. బదిలీ, సర్వీసు లెక్కను బట్టి వచ్చినదే. ఆ తలుపు వెనుక కదలిన చేయి శత్రువుది కాదు, బిడ్డను లోనికి లాగికొన్న తల్లిది. తోడు కావలసిన వేళ మేము మొగము త్రిప్పుకొంటిమి.

2022 మే 24న జిల్లా పేరు విషయమై మా అమలాపురమున రేగిన యలజడిలో మంత్రిగారి యిల్లును, ఒక శాసనసభ్యుని యిల్లును దగ్ధమయ్యెను. ఇంటర్నెట్టు కొన్ని దినములు నిలిపివేయబడెను. రాజకీయ పక్షములు కుట్ర మీదన్న మీదని నిందించుకొనెను. అరుగులమీద కథలు పెరిగినకొలది, ఏండ్లుగ నెరిగిన మొగములను గూడ క్రొత్తగ పరికించి చూచుట మొదలయ్యెను. తెరమీది భయము రెండు గంటలలో తీరును, వీధిలోనిది తీరదు.

వాటర్‌గేటు గుట్టును వెలికి తీసినది వట్టి యనుమానము గాదు. సాక్ష్యము వెదకినవారి యోర్పు. ఆ సాక్ష్యమైనను కూటలేఖ వంటిది కావచ్చును. కావున కథ యల్లుకొనుటకు ముందు ఎదుటివారి నొకమారు అడుగుట మేలు. రాక్షసమంత్రి తుదకు లోబడినది తనకొరకు వధ్యస్థానమున నిలిచిన చందనదాసుని విడువలేకనే గదా!

వచ్చే సెలవు రాత్రికి మరియొక చిత్రము చూచెదము. అంతకుముందు అక్కయ్యగారికి ఫోను చేసి, అమ్మాయి క్షేమము విచారించెదము.