పోలీసు చేతిలో తుపాకీ సరే, ప్రాక్టీసు ఎంత?

సినిమాలో ఎస్సై పరిగెత్తే దొంగని ఒక్క తూటాతో కాలికి కొట్టి పడేస్తాడు. నిజంగా ఎన్‌కౌంటర్ వార్త వచ్చినప్పుడు మన ఇళ్లలో వినిపించే ప్రశ్న కూడా అక్కడి నుంచే పుడుతుంది: "కాలి మీద కాల్చొచ్చు కదా?" ఇంకోవైపు, ఖాకీ బట్టలు వేసుకున్న ప్రతి ఒక్కరూ గురి తప్పని షూటరే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు అభిప్రాయాలకీ అసలు సంగతికీ చాలా దూరం ఉంది. పోలీసుకీ సైనికుడికీ తుపాకీ మీద నిజంగా ఎంత శిక్షణ దొరుకుతుందో, అది తక్కువైతే ఎవరికి నష్టమో చూద్దాం.

కానిస్టేబుల్ ట్రైనింగ్‌లో తుపాకీ వాటా

తెలంగాణలో కానిస్టేబుల్‌గా ఎంపికైనవాళ్లకి ట్రైనింగ్ 9 నెలలు. ఎస్సైలకి దాదాపు ఏడాది. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఆ 9 నెలల్లోనే పొద్దున్నే పీటీ, పరేడ్, ఆ తర్వాత చట్టాల క్లాసులు, స్టేషన్ రికార్డులు రాయడం, ట్రాఫిక్, ఫస్ట్ ఎయిడ్, సైబర్ నేరాలు, లాఠీ డ్రిల్ అన్నీ ఇమడాలి. ఆయుధాల శిక్షణ వీటిలో ఒక భాగం మాత్రమే.

ఆ భాగంలో కూడా చాలా సమయం తూటా లేకుండానే గడిచిపోతుంది. తుపాకీ భాగాల పేర్లు నేర్చుకోవాలి. దాన్ని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాలి. పడుకుని, మోకాలి మీద కూర్చుని, నిలబడి ఎలా పట్టుకోవాలో నేర్పుతారు. ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ నొక్కే ప్రాక్టీసు రోజుల తరబడి చేయిస్తారు. ఆ తర్వాతే ఫైరింగ్ రేంజ్. అక్కడ తూటాలు లెక్కపెట్టి ఇస్తారు, కాల్చాక ఖాళీ తొడుగులు కూడా లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటారు. ఇదంతా అవసరమే. తుపాకీ పేలకూడని సమయంలో పేలకుండా చూసుకోవడం మొదటి పాఠం. కాకపోతే, కదలని అట్ట బొమ్మ మీద కాల్చడం ఒకటి, చీకట్లో జనం మధ్య పరిగెత్తే మనిషి ఎదురైనప్పుడు నిర్ణయం తీసుకోవడం ఇంకొకటి.

ఉద్యోగంలో చేరాక దారులు వేరవుతాయి. సివిల్ కానిస్టేబుల్ రోజూ పట్టుకునేది లాఠీ, ఫైలు, ఫోను. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ వాళ్లు అంటే ఏఆర్ సిబ్బంది, ఖైదీల ఎస్కార్ట్, వీఐపీల గన్‌మెన్ డ్యూటీ, గార్డు డ్యూటీ చూస్తారు. వాళ్లకి ఏటా మొబిలైజేషన్ అని కొన్ని రోజుల రీఫ్రెషర్ శిక్షణ ఉంటుంది, ఫైరింగ్ కూడా అందులోనే. స్పెషల్ పోలీస్ బెటాలియన్లది మరో పద్ధతి. మావోయిస్టులని ఎదుర్కోవడానికి 1989లో పెట్టిన గ్రేహౌండ్స్ పూర్తిగా వేరే కథ. వాళ్లకి శిక్షణ ఒకసారి ఇచ్చి వదిలేయరు, ఉద్యోగమంతా సాగుతూనే ఉంటుంది. కాబట్టి "పోలీసులకి ట్రైనింగ్ ఉంది" అన్న మాట విన్నప్పుడు, ఏ పోలీసుకి అని అడగాలి.

లెక్క చూస్తే

బీకాం చదివినవాణ్ణి కాబట్టి నాకు ముందు అంకెలే కనిపిస్తాయి. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు కలిసి 2019లో దేశంలో పోలీసు పరిస్థితి మీద ఒక నివేదిక ఇచ్చాయి. అంతకు ముందు ఐదేళ్లలో, సగటున ఏడాదికి 6.4 శాతం పోలీసులకే ఉద్యోగంలో ఉండగా శిక్షణ దొరికిందని అందులో ఉంది. ఇది తుపాకీ శిక్షణ ఒక్కటే కాదు, అన్ని రకాల శిక్షణా కలిపి. ఈ లెక్కన అందరికీ ఒక్కొక్క వంతు రావాలంటే 15 ఏళ్లు దాటుతుంది. 25 ఏళ్ల వయసులో చేరిన మనిషికి మళ్లీ క్లాసుకి వెళ్లే వంతు 40 ఏళ్లకి వస్తుందన్నమాట. డబ్బు సంగతీ అంతే. రాష్ట్రాల పోలీసు ఖర్చులో శిక్షణకి పోయేది సగటున వంద రూపాయలకి రూపాయిన్నర లోపే.

గురి అనేది సైకిల్ తొక్కడం లాంటిది కాదు. కొన్నాళ్లు వదిలేస్తే చెయ్యి మరిచిపోతుంది. ప్రాక్టీసుకి తూటాలు కావాలి, రేంజ్ కావాలి, డ్యూటీ నుంచి సెలవు కావాలి. సిబ్బంది తక్కువ ఉన్న స్టేషన్లో ఈ మూడూ ఒకేసారి దొరకడం కష్టం.

దీని ఫలితం 2008 నవంబర్ 26 రాత్రి ముంబైలో దేశమంతా చూసింది. సీఎస్‌టీ స్టేషన్లోకి వచ్చిన ఇద్దరు ఉగ్రవాదుల చేతుల్లో ఏకే-47లు ఉన్నాయి. ఎదురుగా ఉన్న పోలీసుల దగ్గర లాఠీలు, పాత త్రీనాట్ త్రీ రైఫిళ్లు. ఆ తర్వాత వేసిన రామ్ ప్రధాన్ కమిటీ, తూటాల కొరత వల్ల ప్రాక్టీసు సరిగ్గా జరగలేదన్న విషయాన్ని కూడా ఎత్తి చూపింది. ధైర్యానికైతే లోటు లేదు. ఏఎస్సై తుకారాం ఓంబ్లే లాఠీతో వెళ్లి, కసబ్ తుపాకీ గొట్టాన్ని పట్టుకుని ప్రాణం ఇచ్చాడు. కానీ ధైర్యం ఉంది కదా అని శిక్షణ మానేస్తే, దాని ఖరీదు అలాంటి మనుషులే కట్టాల్సి వస్తుంది.

మరి సైనికులు?

సైన్యంలో తుపాకీకి ఇచ్చే సమయం ఎక్కువ, ఎందుకంటే వాళ్ల పనే అది. అయితే అక్కడా అందరూ ఒకటి కాదు. హైదరాబాద్‌లో గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్ ఉంది, సికింద్రాబాద్‌లో ఈఎంఈ సెంటర్ ఉంది. మొదటి చోట ఫిరంగి దళానికీ, రెండో చోట వాహనాలు, ఆయుధాలు రిపేర్ చేసే విభాగానికీ కుర్రాళ్లని తయారు చేస్తారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో సర్వీసు 4 ఏళ్లు, శిక్షణ కాలం కూడా అందులోనే కలిసి ఉంటుంది. రైఫిల్ కాల్చడం అందరికీ నేర్పుతారు. కానీ సరిహద్దులో ఉండే ఇన్‌ఫాంట్రీ జవాను ఏడాదిలో చేసే ప్రాక్టీసుకీ, వర్క్‌షాపులో ఇంజన్ విప్పే జవాను చేసే ప్రాక్టీసుకీ పోలిక లేదు.

ఇంకో పెద్ద తేడా ఉంది. సైనికుడికి నేర్పేది శత్రువుని ఓడించడం. పోలీసుకి నేర్పాల్సింది వీలైనంత తక్కువ బలంతో పరిస్థితిని అదుపు చేయడం, ఎందుకంటే అతని ఎదుట ఉన్నది మన పౌరులే. అందుకే గుంపుని చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిచినా, వీలైనంత తక్కువ బలం, తక్కువ నష్టం అన్న షరతుని చట్టమే పెట్టింది. ఇప్పుడున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 149వ సెక్షన్.

తప్పిన తూటా ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్నకి జవాబు కోసం న్యూయార్క్ వైపు చూడాలి. అక్కడి పోలీసులు తాము కాల్చిన తూటాల లెక్క ఏటా ప్రచురిస్తారు. అక్కడ ప్రతి ఆఫీసరూ ఏడాదికి రెండుసార్లు ఫైరింగ్ పరీక్ష పాసవ్వాలి. అలాంటి పోలీసుల మీద ర్యాండ్ అనే సంస్థ అధ్యయనం చేసింది. 1998 నుంచి 2006 వరకు, ఎదుటివాడు కూడా కాలుస్తున్న ఘటనల్లో పోలీసుల తూటాలు వందకి 18 మాత్రమే తగిలాయి. ఎదుటివాడు కాల్చని ఘటనల్లో కూడా వందకి 30.

మిగతా 82 తూటాలూ గాల్లో మాయమైపోవు. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడి మీద 16 రౌండ్లు కాల్చారు. అతను చనిపోయాడు. దారిన పోయే 9 మందికి కూడా గాయాలయ్యాయి, కొందరికి నేరుగా తూటాలు, మిగతావాళ్లకి ఎగిరి వచ్చిన ముక్కలు. రెండు నెమ్మదైన పరీక్షలు పాసైనవాళ్ల పరిస్థితే ఇది. గుండె దడదడలాడుతుంటే చూపు ఇరుకైపోతుంది, చెయ్యి వణుకుతుంది. రేంజ్‌లో ఉన్న అట్ట బొమ్మ మీకు తిరిగి గురి పెట్టదు కదా.

కాలి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. కాలు సన్నగా ఉంటుంది, పరిగెత్తేటప్పుడు ఒక్కచోట నిలవదు. తప్పిన తూటా నేలకి, గోడకి తగిలి పక్కకి ఎగరొచ్చు. తగిలినా, తొడలోని పెద్ద రక్తనాళం తెగితే మనిషి నిమిషాల్లో చనిపోవచ్చు. అందుకే ప్రాణం మీదికి వచ్చినప్పుడు శరీరం మధ్య భాగానికి గురి పెట్టాలని చాలా దేశాల్లో నేర్పుతారు. అంటే తుపాకీ పేల్చడమంటేనే ప్రాణం తీసే పని అనుకోవాలి. "కాలి మీద ఎందుకు కాల్చలేదు" కంటే, "అసలు కాల్చాల్సిన అవసరం వచ్చిందా" అన్నదే సరైన ప్రశ్న.

నిర్ణయం కూడా శిక్షణే

ఈ రెండో ప్రశ్న హైదరాబాద్ ముస్లింలకి పుస్తకాల్లోది కాదు. 2007 మే 18న జుమా నాడు మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోయారు. ఆ తర్వాత బయట ఆందోళనలో పోలీసు కాల్పులకి ఇంకో 5 మంది పోయారు. ఆ కాల్పుల మీద జస్టిస్ భాస్కరరావు కమిషన్ వేశారు. పాతబస్తీ గల్లీల్లో రైఫిల్ పేలితే ఏమవుతుందో ఆలోచించండి. రైఫిల్ తూటా కిలోమీటరు దాటి కూడా పోగలదు, మన గల్లీ వెడల్పు చూస్తే కొన్ని అడుగులు. హెచ్చరిక, టియర్ గ్యాస్, లాఠీ, ఇవన్నీ అయ్యాకే చివరికి తుపాకీ అన్న వరుస ఊరికే పెట్టింది కాదు. ఆ వరుసని ఒత్తిడిలో కూడా పాటించేలా మనిషిని తయారు చేయడం గురి నేర్పడం కంటే కష్టమైన శిక్షణ.

చట్టంలోనూ గీత ఉంది. అరెస్టు చేసేటప్పుడు, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం లేని మనిషి ప్రాణం తీసే హక్కు అరెస్టు అధికారం వల్ల రాదు. 2014లో సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో ఎన్‌కౌంటర్ మరణాలకి 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ ఉండాలి, వేరే బృందంతో స్వతంత్ర దర్యాప్తు జరగాలి, కాల్చిన ఆయుధాలు ఫోరెన్సిక్ పరీక్షకి అప్పగించాలి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు చనిపోయిన ఘటన మీద సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ నివేదికని పోలీసు అధికారులు హైకోర్టులో సవాలు చేశారు. కమిషన్ చెప్పిన దాంట్లో గురి లోపం ఎక్కడా లేదు. వివాదమంతా ఉద్దేశం మీదే. ఎన్ని తూటాలతో ప్రాక్టీసు చేయించినా ఆ లోటు తీరదు.

మనం అడగాల్సినవి

ఇంగ్లండులో మామూలు పోలీసు దగ్గర తుపాకీ ఉండదు. కొద్దిమందినే ఎంచి, గట్టిగా శిక్షణ ఇచ్చి, మళ్లీ మళ్లీ పరీక్షించి, వాళ్లకే ఆయుధం ఇస్తారు. మన దగ్గర కూడా సివిల్ కానిస్టేబుల్ చేతిలో లాఠీయే ఎక్కువ. కాబట్టి ఆ దారి మనకి కొత్త కాదు. తుపాకీ ఇచ్చేది తక్కువమందికి, శిక్షణ ఎక్కువ, అన్నదే జనానికీ పోలీసుకీ మంచిది.

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో జిల్లా ఎస్పీ ఆఫీసులోనో, కమిషనరేట్‌లోనో దరఖాస్తు పెట్టొచ్చు. నిఘా విభాగం లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది, మామూలు జిల్లా పోలీసుకి లేదు. గత మూడేళ్లలో ఎంతమంది ఏటా ఫైరింగ్ పూర్తి చేశారు? శిక్షణకి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది? గుంపుల నియంత్రణ మీద, కాల్పుల చట్టం మీద క్లాసులు ఎన్ని జరిగాయి? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు ఉంది. మొహల్లా కమిటీలు, లాయర్లు కలిసి ఈ పని చేయొచ్చు.

కానిస్టేబుల్, ఎస్సై, అగ్నివీర్ పరీక్షలకి చదువుతున్న మన పిల్లలు కూడా చాలామంది ఉన్నారు. వాళ్లకి ఒక మాట. రేంజ్‌లో మీకు వచ్చే మార్కులు ఎంత ముఖ్యమో, చట్టం క్లాసులో వినే మాటలు అంతకంటే ముఖ్యం. మీ సర్వీసంతా తుపాకీ ఒక్కసారి కూడా పేల్చకుండా రిటైరైతే, అదేమీ తక్కువ కాదు. ఎక్కువమంది మంచి పోలీసుల సర్వీసు అలాగే గడుస్తుంది.