మంచుబరిపై మిషిగన్ విద్యార్థులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఆన్ ఆర్బర్ పట్టణమున, మిషిగన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు పాదములకు ఉక్కు అలుగుల జోళ్లు తొడిగి, జట్టునకు ఆర్గురు చొప్పున గడ్డకట్టిన నీటిపై రబ్బరు బిళ్లను తరుముచు ఆడు ఐస్ హాకీ, మనమెరిగిన మైదానపు హాకీకి వేగమున అన్నవంటిది.

1922–23లో ఆ విద్యాలయము ఈ క్రీడకు అధికారిక జట్టు నేర్పరచెను. 1944లో శిక్షకుడై వచ్చిన పూర్వవిద్యార్థి విక్ హైలిగర్, కళాశాలలన్నిటికిని ఉమ్మడి జాతీయపోటీ యుండవలెనని తోడి శిక్షకులకు నచ్చజెప్పగా, 1948లో కొలరాడో స్ప్రింగ్స్‌లో నాలుగు జట్లతో అది ఆరంభమయ్యెను. అంతిమ క్రీడలో డార్ట్‌మత్‌ను 8–4 గోల్స్‌తో ఓడించి తొలి విజేతయైనది మిషిగనే! 1956 నాటికి ఆయన శిష్యులు ఆరుమారులు జాతీయ విజేతలైరి. వారిలో పెక్కండ్రు కెనడా యువకులగుట ఆనాడు విమర్శకు గురియయ్యెను గాని, చదువుకొనవచ్చినవాని జన్మస్థలమును ప్రశ్నించుట విద్యాలయధర్మము కాదని నా తలంపు.

1964లో మరియొక విజయము లభించెను. తరువాత సుదీర్ఘమైన కరవు. 1962లో కళాశాల వీడి నేరుగా మాంట్రియల్ వృత్తిజట్టున చేరిన రెడ్ బెరెన్సన్, 1984లో శిక్షకుడై మాతృసంస్థకు మరలివచ్చి, 1996, 1998 సంవత్సరములలో ఆ కరవు తీర్చి, 2017 వరకు ఆ పదవియందే యుండెను.

ఆయన హయాముననే, 2010 డిసెంబరు 11న, ఫుట్‌బాల్ క్రీడాంగణమున మంచుబరి పరచి ఆడిన ఆటను లక్షమందికి పైగా తిలకించిరి; పొరుగు ప్రత్యర్థియగు మిషిగన్ స్టేట్ 5–0తో ఓడిపోయెను.