సెట్టు వెనుక పదును
ఫిల్మ్ నగర్ కళా విభాగాల్లో నిత్యం అవసరమయ్యే మడత కట్టర్‌ను ఎంచుకునే తీరు

జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ పరిసరాల్లోని అన్నపూర్ణ, రామానాయుడు, పద్మాలయ స్టూడియోల్లో తెర మీద రాజప్రాసాదంగానో పాతబస్తీ వీధిగానో కనిపించే సెట్టు, నిజానికి ప్లైవుడ్, థర్మోకోల్, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, గుడ్డ, ఫ్లెక్స్ వంటి సామాన్య పదార్థాల కూర్పు. ‘ఒక్కడు’ (2003) కోసం కళాదర్శకుడు అశోక్ నిర్మించిన చార్మినార్‌నూ, ‘అర్జున్’ (2004) కోసం తోట తరణి నిర్మించిన మధుర మీనాక్షి ఆలయాన్నీ ప్రేక్షకులు నేటికీ తలచుకుంటారు. అటువంటి పనిలో అడుగడుగునా అవసరమయ్యే చిన్న పనిముట్టు కట్టర్. దానిని సరిగా ఎంచుకోవడం పని నాణ్యతకూ, పనివారి వేళ్ల భద్రతకూ సంబంధించిన విషయం.

రెండు రకాలు, రెండు పనులు

వాడుకలో ప్రధానంగా రెండు రకాల కట్టర్లున్నాయి. మొదటిది మొన అరిగినకొద్దీ ఒక్కో ముక్కను విరిచి పారవేసే పొడవాటి బ్లేడుది. దీనిని 1956లో జపాన్‌లోని ఒసాకాలో యోషియో ఒకాడా రూపొందించారు. రెండవది మడత కట్టర్: లోహపు పిడిలోకి కీలు మీద మడిచిపెట్టుకునే దీనికి, సుమారు 60 మిల్లీమీటర్ల పొడవు, 0.6 మిల్లీమీటర్ల మందం గల బ్లేడును బిగిస్తారు. ఆ బ్లేడు ఒక కొన మొద్దుబారితే తిప్పి రెండవ కొనను వాడుకోవచ్చు.

బిగించినప్పుడు బయట కనిపించే బ్లేడు రెండు, రెండున్నర సెంటీమీటర్లకు మించదు గనుక, మందపాటి థర్మోకోల్ దిమ్మెలకు మడత కట్టర్ చాలదు; అక్కడ పొడవాటి బ్లేడో, వేడెక్కిన తీగతో కోసే పరికరమో కావాలి. అయితే తాడు, తోలు, నేల మీద పరిచే వినైల్ షీటు, ప్లాస్టిక్ పట్టీ వంటి గట్టి వస్తువులను కోసేటప్పుడు విరుపు గీతల బ్లేడు పక్కకు వంగి విరిగే ప్రమాదం ఉండగా, మడత కట్టర్ బ్లేడు చలించక నిలుస్తుంది.

కొనేముందు పరీక్ష

అన్నిటికన్నా ముందు చూడవలసినది లాక్. తెరిచిన బ్లేడు వేళ్ల మీదికి మూసుకోకుండా ఆపేది అదే. పిడి లోపలి లోహపు పలక ఒకటి పక్కకు జరిగి, బ్లేడు పట్టీ వెనుక అడ్డుగా నిలిచే పద్ధతి ఎక్కువ కట్టర్లలో ఉంటుంది. బ్లేడు తీసివేసి, కట్టర్‌ను తెరిచి, పట్టీ వెనుక వైపును బల్ల అంచుకు మెల్లగా నొక్కినప్పుడు అది మూసుకోరాదు. పక్కకు కదిపినప్పుడు కీలు ఊగరాదు.

తరువాతిది బ్లేడు మార్చే ఏర్పాటు. మీట నొక్కి మార్చేది వేగంగా పనిచేస్తుంది గాని, ప్లాస్టర్ దుమ్ము చేరితే తరచు శుభ్రం చేయాలి. స్క్రూతో బిగించేది దృఢంగా ఉన్నా స్క్రూడ్రైవర్ కావాలి, నిచ్చెన మీద స్క్రూ జారితే పని ఆగుతుంది. నిచ్చెన మీద పనిచేసేవారికి ఒంటిచేత్తో తెరుచుకునేదీ, తాడు కట్టుకునేందుకు పిడికి రంధ్రం ఉన్నదీ అనుకూలం. అరుదైన ఆకారపు బ్లేడు పట్టే కట్టర్ ఎంత అందంగా ఉన్నా, ఆ బ్లేడు హార్డ్‌వేర్ దుకాణంలో దొరకనినాడు అది నిరుపయోగం.

మొద్దుబారిన బ్లేడే ప్రమాదం

పదునైన బ్లేడు తక్కువ ఒత్తిడితో గీతను అనుసరిస్తుంది. మొద్దుబారినది అధిక బలం కోరి, హఠాత్తుగా జారి చేతిని కోస్తుంది. అందువల్ల మందమైన అట్టను ఒక్క వేటుతో గాక, స్టీలు స్కేలు ఆసరాతో పలుమార్లు తేలికగా గీసి కోయాలి; స్కేలు పట్టిన వేళ్లు గీతకు అడ్డురాకూడదు. కరెంటు ఉన్న తీగ జోలికి లోహపు పిడితో పోకూడదు. తీసిన బ్లేడ్లను చెత్తలో పడవేయక మూత ఉన్న రేకు డబ్బాలో చేర్చాలి. విమానంలో అవుట్‌డోర్ షూటింగుకు వెళ్లేవారు కట్టర్‌ను చేతిసంచిలో గాక, చెక్ ఇన్ సామానులో ఉంచాలి.

కట్టర్ ఒకసారి కొనే వస్తువే గాని, బ్లేడ్లు నిత్యం తరిగిపోయే సరుకు. వాటిని పనివారి జేబు ఖర్చుకు వదిలిపెడితే, పొదుపు కోసం మొద్దు బ్లేడునే సాగదీసి వాడడం తప్పదు. కాబట్టి రంగు, మేకులు, ప్లైవుడ్‌తో పాటు కొత్త బ్లేడ్లనూ ప్రతి నిర్మాణ సంస్థ కళా విభాగపు బడ్జెట్‌లో చేర్చడం న్యాయం.