వెన్నముద్దే అక్కడ రొక్కం!

కెనడా గడ్డిమైదానాల్లో చాలా ఊళ్ళకు రైలు స్టేషనే పునాది. 160 ఎకరాలు పది డాలర్ల రుసుముకే ఇచ్చే చట్టం 1872లో వచ్చింది. రైలు వచ్చాక జనం తరలివచ్చారు. స్టేషన్ చుట్టూ కొట్టు, కమ్మరి కొలిమి, కలప అడితి, ఎత్తైన గోధుమ గాదె వెలిశాయి.

పంట డబ్బేమో ఏడాదికోసారి! మరి ఇల్లు గడిచేదెలా అంటారా? ఇల్లాలు చిలికిన వెన్న, పోగుచేసిన గుడ్లు కొట్టుకిస్తే ఖాతాలో జమ. ఆ జమతోనే చక్కెర, టీపొడి, పిల్లల బట్టలకు గుడ్డ. పూటకూళ్ళిళ్ళు నడిపినా, పురుళ్ళు పోసినా ఎక్కువగా ఆడవాళ్ళే. ఇంత చేసినా, కుటుంబానికి తానే పెద్దదిక్కయితే తప్ప స్త్రీకి ఆ 160 ఎకరాలు దక్కేవి కావు!

ఊరి చరిత్రలో కొట్టు యజమాని పేరుంటుంది. ఆ కొట్టును నిలబెట్టిన వెన్నముద్ద ఎవరిదో కూడా అడగండి మరి!